రేడియేటర్ మార్చే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

ప్రశ్న: మా పెట్రోలు కారు హైవే మీద బాగానే నడుస్తుంది గానీ, విజయవాడ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగితే ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతోంది. రేడియేటర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. నిజంగా అవసరమా? – ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కనుక, ఆగినప్పుడే వేడెక్కుతోందంటే ముందుగా అనుమానించవలసింది ఫ్యానును, దానికి కరెంటు అందించే స్విచ్ లాంటి రిలేను, ఫ్యూజును. ఏసీ వేశాక ఫ్యాను తిరుగుతోందో లేదో మీరే చూడవచ్చు. ఆపై, ఇంజను పూర్తిగా చల్లారాక, రేడియేటర్ మూతి దగ్గర ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద ముద్రించిన ఒత్తిడి వరకు, అంటే చాలా కార్లలో సుమారు 1.1 బార్ వరకు గాలి ఎక్కించి, పది నిమిషాలపాటు ముల్లు నిలుస్తుందేమో గమనించమనండి. పడిపోతే గొట్టాల అతుకుల వద్ద, వాటర్ పంపు కింద తడి కోసం వెతకాలి. మూతను కూడా అలాగే పరీక్షించాలి. ఒత్తిడి నిలిస్తేనే లోపలి నీరు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఉంటుంది. అయినా ఈ చవకైన మూతను పట్టించుకునేవారు తక్కువ. బయట కారుడు కనిపించకుండానే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గుతుంటే, మూతి వద్ద పట్టే నీలిరంగు ద్రావణం పసుపుగా మారుతుందేమో చూడాలి. మారితే దహనవాయువులు కూలెంట్‌లోకి చేరుతున్నట్లే, హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజను పైభాగానికీ దాని కింది దిమ్మెకూ మధ్య ఉండే సీలును అనుమానించాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడ చల్లని మచ్చలు చూపిస్తే, దాని లోపలి సన్నని గొట్టాలు పూడుకుపోయినట్లే, రేడియేటర్ మార్చాలన్న మీ మెకానిక్ మాటను అప్పుడు నమ్మవచ్చు.