నాచు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ బోటనీ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు కోసం బీచ్ రాళ్ల మీద నాచు చూసొచ్చినప్పటి నుంచి ఒకటే పాట. తీరంలో సముద్రపు నాచులు ఏళ్ల తరబడి ఎలా మారుతున్నాయో పరిశోధన చేస్తుందట. బీఎడ్ చేయమంటే వినడం లేదు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: టెన్షన్ పెట్టే మాట ముందే చెప్పేస్తానండి. ఈ రంగంలో పర్మనెంటు పోస్టులు తక్కువ. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి అమ్మాయికి ముప్పై దగ్గర పడతాయి. ఇది తెలిసే దిగాలి.

అలాగని తను పట్టుకున్నది పనికిరాని విషయమేం కాదు. 2011లో పశ్చిమ ఆస్ట్రేలియా దగ్గర సముద్రం విపరీతంగా వేడెక్కింది. కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు నాచు దాదాపు 100 కిలోమీటర్ల మేర తుడిచిపెట్టుకుపోయి, ఆ చోట పొట్టి నాచులు పచ్చికలా పరుచుకున్నాయి. ఈ సంగతి అంత గట్టిగా చెప్పగలిగారంటే, 2001 నుంచీ అక్కడ లెక్కలు రాసుకుంటూ వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టే. విశాఖకూ పాత లెక్క ఉంది. ఇక్కడి రాళ్ల మీది నాచుల గురించి ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1964లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. అమ్మాయిని ముందు అది చదవమనండి. ఆ తర్వాత ఔటర్ హార్బర్ వచ్చింది, ఊరు పెరిగింది. అప్పటి నాచుల్లో ఇప్పుడు ఏవి ఉన్నాయో చూడడమే ఒక మంచి పీహెచ్‌డీ.

పని ఎలా ఉంటుందో కూడా చూడండి. సముద్రం వెనక్కి తగ్గే వేళ తెల్లవారుజామున నాలుగింటికి పడితే నాలుగింటికే లేవాలి. పైపులతో చేసిన అర మీటరు చదరపు ఫ్రేము రాతి మీద పెట్టి, అందులో ఉల్వా అనే ఆకుపచ్చ నాచు ఎంత, సర్గాసం అనే గోధుమరంగు నాచు ఎంత, ఖాళీ రాయి ఎంత అని రాసుకోవాలి. వచ్చే నెల మళ్లీ అదే రాయి. మిగతా రోజులన్నీ కంప్యూటర్ ముందే. సముద్రం మీద ప్రేమతో వచ్చి స్టాటిస్టిక్స్ దగ్గర జారుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఉద్యోగం ఇప్పించేది మాత్రం ఆ స్టాటిస్టిక్సే.

దారి సంగతి. ఎమ్మెస్సీ బోటనీకి ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. మెరైన్ బయాలజీ అయితే తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై వర్సిటీ కేంద్రం, అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) పాండిచ్చేరి యూనివర్సిటీ విభాగం ఉన్నాయి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, లైఫ్ సైన్సెస్‌లో. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. పీహెచ్‌డీకి గుజరాత్ భావనగర్‌లోని సీఎస్ఎంసీఆర్ఐ (కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ) చూడండి, దానికి తమిళనాడులోని మండపంలో నాచుల కేంద్రం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకైతే విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

ప్రైవేటులో నాచు నుంచి అగార్, క్యారాజీనన్ అనే జిగురు పదార్థాలు తీసే కంపెనీలు, నాచు ఎరువుల కంపెనీలు, పర్యావరణ కన్సల్టెన్సీలు ఉన్నాయి. నాచు సాగుకు ప్రభుత్వం డబ్బు పెడుతోంది కాబట్టి కాపలా కళ్లూ కావాలి. మండపం దగ్గర సాగుకు తెచ్చిన కప్పాఫైకస్ అనే విదేశీ నాచు కురుసడై దీవి పగడాల మీదికి పాకింది మరి.

బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. ఈలోగా ఆరు నెలల పాటు నెలకోసారి ఒకే రాయిని చూసి నోట్సు రాయమనండి. నాలుగో నెలకి విసుగొస్తే తనే చెబుతుంది. ఒంటరిగా మాత్రం పంపకండి. ఆ రాళ్ల మీద హవాయి చెప్పులు అస్సలు వద్దు.