ఇయర్ ఎండ్ రెట్రో సరదాగా ఎలా చేయాలి? థీమ్ సంగతి తర్వాత, ముందు మేనేజర్‌ని బయటికి పంపండి

"డిసెంబరులో టీమ్‌తో ఇయర్ ఎండ్ రెట్రోస్పెక్టివ్ పెట్టమన్నారు. పండగ వాతావరణంలో సరదాగా ఎలా చేయాలి, ఏ థీమ్ బాగుంటుంది?" అని కదా మీ ప్రశ్న.

రెట్రోస్పెక్టివ్, పొట్టిగా రెట్రో అంటే, గడిచిన పనిలో ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని టీమంతా కూర్చుని మాట్లాడుకునే మీటింగ్. దానికి థీమ్ ఏదైనా ఒకటే. మీ మేనేజర్ ఆ గదిలో ఉంటారా, ఉండరా? ముందు అది తేల్చుకోండి. పదకొండేళ్లుగా ఈ మీటింగుల్లో కూర్చుంటున్నాను, అందులో ఐదేళ్లు నేనే నడిపాను. రేటింగ్ ఇచ్చే మనిషి ఎదురుగా ఉంటే ఏ టీమూ నిజం చెప్పదు. "కమ్యూనికేషన్ ఇంకా ఇంప్రూవ్ అవ్వాలి" అని ఒక ముక్క రాసి సమోసా అందుకుంటారు, అంతే.

నేను మొదటిసారి నడిపినప్పుడు నెట్‌లో దొరికిన క్రిస్మస్ టెంప్లేట్ ఒకటి పట్టుకొచ్చాను. మధ్యలో క్రిస్మస్ చెట్టు, కింద గిఫ్టు పెట్టెలు, పక్కన బొగ్గు ముక్కలు. బాగా జరిగినవి గిఫ్టుల్లో పెట్టాలి, జరగనివి బొగ్గులో. మా టెస్టర్ ఒకాయనది శ్రీకాకుళం వైపు పల్లె. చాలాసేపు స్క్రీన్ చూసి, "ఇదేటండీ, పండగపూట బొగ్గెందుకు?" అన్నారు. అల్లరి చేసిన పిల్లలకి శాంటా బొగ్గు ఇస్తాడట అని చెప్పాను. "మా అమ్మమ్మ దాంతోనే మాకు పళ్లు తోమించేదండీ" అన్నారాయన. ఇంకేముంది, మిగతా అరగంట పళ్లపొడి, వేపపుల్ల, కచ్చిక మీద నడిచింది. చివరికి బొగ్గులో పడిన కార్డులు రెండు: ఏసీ చల్లగా ఉంది, కాఫీ మెషిన్ పాడైంది. ఆ ఏడాది మేము రెండు రిలీజులు, అంటే విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు, వెనక్కి తీసుకున్నాం, ఒకటి శనివారం అర్ధరాత్రి. దాని గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. వెనక కుర్చీలో మేనేజర్ గారు ప్లమ్ కేక్ తింటున్నారు మరి.

అసలు డిసెంబరే ఎందుకో కూడా నాకు అర్థం కాదు. మన సంవత్సరం ఉగాదికి మారుతుంది, లెక్కల సంవత్సరం మార్చి 31కి ముగుస్తుంది. డిసెంబరు 31 క్లయింట్ల సంవత్సరం. వాళ్లు సెలవులకి వెళ్తారు, ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సిస్టమ్‌లో, ఏదీ ముట్టుకోవద్దని ఫ్రీజ్ పెడతారు, మనకి ఖాళీ దొరుకుతుంది, కాబట్టి మన ఆత్మపరిశీలన కూడా అప్పుడే. సరే, దొరికిన ఖాళీని వాడుకుందాం. కానీ దాంతోపాటు ఆ సీక్రెట్ శాంటా, అదే పేరు చెప్పకుండా ఒకరికొకరు గిఫ్టులిచ్చుకునే ఆట, అంటగట్టకండి, మీకు పుణ్యముంటుంది. ఐదువందల బడ్జెట్‌లో మా ఇంట్లో ఇప్పటికి నాలుగు కాఫీ మగ్గులు చేరాయి. ఒకదాని మీద 'బెస్ట్ డాడ్' అని ఉంది. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు.

మరుసటి ఏడాది వేరేగా చేశాను. వారం ముందే మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, "సార్, మీరు నాలుగున్నరకి కేక్ కోయడానికి రండి, అంతవరకు మమ్మల్ని వదిలేయండి" అన్నాను. మొహం కొంచెం చిన్నబోయింది గానీ ఒప్పుకున్నారు. టైమ్ మూడు గంటలకి పెట్టాను. ఆరింటికి పెడితే అందరి కళ్లూ క్యాబ్ మీదే ఉంటాయి. నెల రోజుల స్ప్రింట్‌కి, అంటే ఒక విడత పనికి, రెట్రో మూడు గంటలు దాటకూడదని స్క్రమ్ అనే పని పద్ధతికి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ అంటుంది. ఆ లెక్కన ఏడాదికి ముప్పై ఆరు గంటలని గుణించకండి, గంటన్నర చాలు.

మొదటి ఇరవై నిమిషాలు గుర్తు తెచ్చుకోవడానికే ఇచ్చాను. డిసెంబరులో ఎవరినడిగినా నవంబరు ముచ్చట్లే చెబుతారు, జనవరిలో ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. అందుకే రిలీజుల జాబితా, టీమ్ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు నెలవారీగా తెర మీద వేశాను. ఆ తర్వాత చీటీలు. ఒకే రకం కాగితం, ఒకే రకం నీలం పెన్ను, ఖాళీ స్వీట్ డబ్బా. పేరు రాయక్కర్లేదు. ఏ భాషలోనైనా రాయండి అన్నాను. ఈ ఒక్క మాట చాలా పని చేసింది. ఇంగ్లీషులో రాయమంటే మనవాళ్లు మెయిల్ రాసినట్టు రాస్తారు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు, వాట్సాప్‌లో రాసినట్టే. తెలుగు రాని ఇద్దరి కోసం చదివేటప్పుడు ఇంగ్లీషులో కూడా చెప్పాం. డబ్బా చుట్టూ తిప్పి, చేతికొచ్చిన చీటీ ఎవరికి వాళ్లు పైకి చదవాలి. మధ్యలో ఎదురుగా ఉన్న బండి మీది మిర్చి బజ్జీలు.

మూడో చీటీయో నాలుగోదో ఇలా ఉంది: "నవంబర్ నుంచి కాల్ ఎనిమిదిన్నరకి. ఉప్పల్ చేరేసరికి పదిన్నర. పాప పడుకుని ఉంటుంది."

మాలో ఉప్పల్ నుంచి వచ్చేది ఒక్కరే. ఎవరు రాశారో అందరికీ తెలిసిపోయింది, ఎవరూ అటు చూడలేదు. బజ్జీ ప్లేటు మీద కాగితం రెపరెపలాడుతుంటే అదే చూస్తూ కూర్చున్నాం. విషయమేంటంటే, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. అక్కడి మా క్లయింట్లకి ఉదయం పదింటి కాల్ పదింటికే ఉంటుంది, మనకి మాత్రం రాత్రి ఏడున్నర కాస్తా ఎనిమిదిన్నర అవుతుంది. మార్చి దాకా అంతే. ఏళ్ల తరబడి దాన్ని వానాకాలం, చలికాలం లాగే భరించాం. ఆ సాయంత్రమే క్లయింట్లకి మెయిల్ పెట్టాను, చలికాలంలో మీ తొమ్మిదింటికి మార్చగలరా అని. "ష్యూర్, నో ప్రాబ్లమ్" అని ఒక్క లైను జవాబు వచ్చింది. ఇన్నేళ్లలో అడిగినవాడే లేడు. మీ సెషన్‌లో పది సమస్యలు బయటికి రావచ్చు, ఒక్కటి పట్టుకుని జనవరి మొదటి వారంలోగా తీర్చండి. లేకపోతే మరుసటి ఏడాది మళ్లీ ఏసీ చల్లగా ఉందనే రాస్తారు.

ఇంకో చీటీ నా మీదే. "లీడ్ గారు 'చిన్న డౌట్' అని పింగ్ చేసి పది నిమిషాలు టైప్ చేస్తూనే ఉంటే గుండె జారిపోతుంది." అందరూ విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను, లోపల మాత్రం మండింది. చదివిన అమ్మాయి సగంలో ఆగి "అన్నా, చదవనా?" అని అడిగింది కూడా. చదవమన్నాను, ఏం చేస్తాం. అప్పటినుంచి డౌట్ మొత్తం ఒకేసారి రాసి పంపుతున్నాను.

అది ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి చేతిరాత పోల్చి చూద్దామని ఆ డబ్బా తీశాను. ఖాళీగా ఉంది. చీటీలన్నీ చిన్న చిన్న ముక్కలై పక్కనే చెత్తబుట్టలో ఉన్నాయి.