మోరీలో నల్లది, పెంటకుప్పలో గోధుమది

ప్రశ్న: మృగశిరలో పెద్దవాన పడ్డప్పటి నుంచి మా బాత్‌రూం మోరీలోంచి గుడ్డిపాములు వస్తున్నాయి. నల్లగా ఉంటాయి, జానెడు కూడా ఉండవు. మొన్న పెంటకుప్ప తవ్వుతుంటే గోధుమరంగుది ఇంకొకటి దొరికింది, దాదాపు మూరెడు ఉంది. పెద్దది తల్లి, చిన్నవి దాని పిల్లలని మా అత్తమ్మ అంటుంది. పార తగిలి చచ్చిన పెద్దదాన్నీ, మావారు చెప్పుతో కొట్టిన చిన్నదాన్నీ ఫొటోలు తీసి పంపుతున్నా. రెండూ ఒకటేనా? విషం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట దగ్గర

జవాబు: రెండింటికీ విషం లేదమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అత్తమ్మగారి మాట మాత్రం నిలవదు. మీ నల్లది బ్రాహ్మినీ గుడ్డిపాము. పూర్తిగా ఎదిగినా జానెడు దాటదు. ఈ జాతిలో మగవి ఉండవు, ఆడదే జత లేకుండా గుడ్లు పెడుతుంది. అందుకే పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, అక్కడ సంతానం మొదలవుతుంది. హవాయి, ఫ్లోరిడా దాకా అలాగే పాకింది. అన్నట్టు, దీనికి శాస్త్రీయ నామం పెట్టింది మన విశాఖపట్నం పామును బట్టే. అక్కడ దొరికినదాన్ని స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో వర్ణించాడు, 1803లో ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త డాడిన్ పేరు పెట్టాడు.

హనుమకొండలో జువాలజీ చెప్పినన్నాళ్లూ చూశాను, పాము ఉన్న సీసా చేతికివ్వగానే పిల్లలు రంగు చూసి పేరు చెప్పేసేవాళ్లు. రంగును నమ్మొద్దు. ఈ నల్లదే కుబుసం విడిచే ముందు నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. లెక్కపెట్టాల్సింది పొలుసుల వరుసలు. చచ్చినదాన్ని తెల్లకాగితం మీద పెట్టి, నడుము దగ్గర ఒక పొలుసు మీద పెన్నుతో చుక్క పెట్టండి. భూతద్దం పట్టుకుని గుండుసూది మొనతో ఒక్కో పొలుసూ దాటుతూ ఒంటి చుట్టూ తిరిగి ఆ చుక్క దగ్గరికే రావాలి. పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి సూది ఏటవాలుగానే నడుస్తుంది. బ్రాహ్మినీకి మెడ నుంచి తోక దాకా ఎక్కడ లెక్కపెట్టినా 20. సరిగ్గా 18 వచ్చి, ఒళ్లు ఇంకా సన్నగా ఉంటే అది పొర్రెక్టస్ అనే వేరే జాతి గుడ్డిపాము.

మీ పెద్దదాని ఫొటోలో నాకు పనికొచ్చింది పక్కనుంచి తీసినది ఒక్కటే. మూతి ముందుకు పొడుచుకొచ్చి చిలక ముక్కులా కిందికి వంగింది, నోరు దాని అడుగున ఎక్కడో ఉంది. అది ముక్కు గుడ్డిపాము, దక్షిణ భారతంలోని గుడ్డిపాముల్లో అన్నిటికన్నా పెద్దది, రెండడుగుల దాకా పెరుగుతుంది. దాని వరుసలు 24కు తగ్గవు, 30 కూడా దాటొచ్చు. మీరు లెక్కపెడితే 20 వచ్చిందనుకోండి, నా మాట పక్కన పెట్టి నాకు మళ్లీ రాయండి. బ్రాహ్మినీ మూతి గుండ్రంగా ఉంటుంది, కళ్లు పొలుసు కింద నల్లచుక్కల్లా కనిపిస్తాయి.

రెండింటికీ తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే దాంతో గుచ్చుతుంది. కుట్టిందని జనం హడలిపోయేది దీనికే. అందులో ఏ విషమూ లేదు.

అయితే బతికున్నదాన్ని మాత్రం చేత్తో ముట్టకండి. మన దగ్గర కట్లపాము పిల్లలూ నల్లగా, సన్నగానే ఉంటాయి. గాజుసీసా బోర్లించి, కింద గట్టి అట్ట దూర్చి, తిప్పి మూత పెట్టి సీసా అడుగు నుంచి పొట్ట చూడండి. పొట్ట మీద పొలుసులు అడ్డంగా వెడల్పాటి పట్టీల్లా ఉంటే అది గుడ్డిపాము కాదు, దూరం జరిగి పాములు పట్టేవాళ్లను పిలవండి. గుడ్డిపాముకు పొట్ట మీదా వీపు మీదా పొలుసులు ఒకే సైజులో ఉంటాయి, ఏది పైనో ఏది కిందో తెలియదు.

మోరీకి సన్నటి జాలీ బిగించండి. పెంటకుప్పలో ఉన్నవాటి జోలికి పోవద్దు, అవి తినేది చీమల గుడ్లూ చెదలూ.