ముందు మీవారితో మాట్లాడండమ్మా, అబ్బాయి సంగతి తర్వాత

ఒక తల్లి రాశారు. పదకొండేళ్ల కొడుకు ఫోన్‌ గేమ్‌లో ఏవో పెట్టెలు తెరవడానికి వాళ్ల నాన్న ఖాతాలోంచి చెప్పకుండా డబ్బు కట్టేశాడట. "జూదం వల్ల నష్టాలు పిల్లలకు ఏ వయసు నుంచి చెప్పాలి, ఎలా చెప్పాలి, చూపించడానికి మంచి వీడియోలేమైనా ఉన్నాయా" అని అడిగారు. ఉత్తరం చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకో నాలుగు ముక్కలున్నాయి. మ్యాచ్‌లున్న రోజుల్లో భర్త ఫోన్‌లో పందేలు కాస్తారు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు చెప్పరా, నీ నోటిమాట కలిసొస్తుంది" అంటారు. ఆయన చేసిన అప్పు రెండుసార్లు ఈవిడే తన డిపాజిట్‌ తీసి కట్టారు. ఈ సంగతి నానమ్మకి చెప్పకూడదని పిల్లాడిచేత ఒట్టు వేయించుకున్నారు.

అమ్మా, వీడియోల మాట వదిలేయండి. మీరు పెట్టెల గురించి ఒక పేజీ రాశారు గానీ, నాకు ఆ "నీ నోటిమాట" దగ్గరే ప్రాణం ఉసూరుమంది. నాన్న తనని పక్కన కూర్చోబెట్టుకుని సలహా అడగడం ఆ వయసు పిల్లాడికి ఎంత గొప్పగా ఉంటుందో ఆలోచించండి. వాడు చెప్పిన జట్టు గెలిస్తే ముద్దు చేస్తారు, ఓడితే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. నాన్న డబ్బు తనవల్లే పోయిందని ఆ పిల్లాడు లోపల్లోపల కుమిలిపోతుంటే మీకు తెలుస్తుందా? ఇవాళే వాణ్ణి దగ్గరికి తీసుకుని, మ్యాచ్‌ ఎవరు గెలుస్తారో ఎవరి నోటిమాటలోనూ ఉండదు, ఆ డబ్బు నీవల్ల పోలేదు అని చెప్పండి. ఒట్టు కూడా తీసేయండి. అప్పుల గుట్టు మోయాల్సింది పిల్లాడు కాదు.

ఇక అసలు సంగతి. మీవారి ముఖం మీద అనాల్సిన మాటలు మీ నోట రావడం లేదు, అందుకే వాటిని పాఠంగా మార్చి కొడుక్కి చెబుదామనుకుంటున్నారు. తండ్రి కాస్తుండగా కొడుక్కి మాత్రం తప్పని ఎలా నేర్పుతారు? రెండుసార్లు అప్పు తీర్చారు, ఆయన మారారా? మారరు. పోయింది రాబట్టుకుందామని మళ్లీ కాయడం ఈ అలవాటుకి ముఖ్య లక్షణం. చేతిలో అప్పు లేకుండా చేశారంటే ఇంకో విడత ఆడటానికి దారి చూపించినట్టే. భర్త పరువు కాపాడటం భార్య బాధ్యతేనని నేనూ నమ్ముతాను, కానీ ఆయన చేస్తున్నది దాచిపెట్టడం పరువు కాపాడటం కిందకి రాదు. మీరు కష్టపడి దాచుకున్న డబ్బు మీది, పిల్లాడిది. ఇకమీదట ఒక్క రూపాయి కూడా ఆ అప్పులకి కట్టకండి.

మ్యాచ్‌ లేని రోజు, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు, మొత్తం ఎంత పోయిందో, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయమనండి. మీ ఖాతాని ఆయన ఫోన్‌ నుంచి విడగొట్టండి. తర్వాత మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి, ఇద్దరూ కలిసే వెళ్లండి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో విడుదల చేసిన రోగ నిర్ధారణ పుస్తకంలో జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల విభాగంలోనే చేర్చారు. దీనికి కౌన్సెలింగ్‌ ఉంది, ఆలోచనల తీరుని మార్చే చికిత్స ఉంది, బయటపడ్డవాళ్లు ఉన్నారు. ఇది జబ్బే అయినా వైద్యానికి వెళ్లాల్సిన బాధ్యత ఆయనదే, ఆ మాట మెత్తగా కాదు, గట్టిగానే చెప్పండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. అప్పుల్లో కూరుకుపోయినవాళ్లలో చావు ఆలోచనలు రావడం అరుదేం కాదు. ఆయన నోట అలాంటి మాట వస్తే బెదిరింపు అనుకోకుండా, ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లండి.

అబ్బాయి విషయం. వయసు గురించి టెన్షన్‌ వద్దు, లెక్కపెట్టడం వచ్చిన పిల్లలకి చెప్పొచ్చు. ఒక పాచిక, కొన్ని గింజలు తీసుకోండి. ప్రతి ఆటకీ వాడు ఒక గింజ ఇవ్వాలి, పడబోయే అంకె సరిగ్గా చెబితే మీరు ఐదు ఇవ్వాలి. అరవైసార్లు వేయించి, ఎన్ని ఇచ్చాడో ఎన్ని వచ్చాయో వాడిచేతే రాయించండి. సగటున పదిసార్లు కలుస్తుంది, అంటే అరవై ఇచ్చి యాభై తెచ్చుకుంటాడు. ఒకరోజు వాడే గెలవచ్చు కూడా, గెలిస్తే మరీ మంచిది, మర్నాడు మళ్లీ ఆడించండి. రోజులు గడిచేకొద్దీ గింజలు ఎటు చేరుతున్నాయో వాడే చూస్తాడు. పందెం నడిపేవాడి లాభం ఆ తేడాలోనే ఉంటుంది, క్యాసినోల్లో తిప్పే ఎరుపు, నలుపు గళ్ల రౌలెట్‌ చక్రంలో 37 గళ్లుంటే, ఒక అంకె మీద కాసి గెలిచినవాడికి 35 రెట్లే లాభం ఇస్తారు. "ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి రావాలి" అన్న భ్రమ గురించి కూడా చెప్పండి. 1913లో మొనాకో దేశంలోని మోంటే కార్లో క్యాసినోలో ఆ చక్రం వరసగా 26సార్లు నలుపు మీదే ఆగింది, ఈసారి ఎరుపే వస్తుందని మళ్లీ మళ్లీ కాసినవాళ్లు బోలెడంత పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు కదా. ఆ గేమ్‌ పెట్టెలు కూడా ఇదే బాపతు, లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టడం. బెల్జియంలో 2018లోనే వాటిని జూదం కింద లెక్కగట్టారు.

డబ్బు తీసినందుకు కొట్టకండి. తీసింది తప్పని చెప్పి, వాడికిచ్చే చిల్లరలోంచి నెలనెలా కొంచెం కొంచెంగా కట్టించండి. వాళ్ల నాన్న కూడా ఆ సమయానికి అక్కడే కూర్చుని, తాను పోగొట్టుకున్న మొత్తం ఎంతో కొడుక్కి తన నోటితో చెప్పాలి. గెలిచిన రోజు కబుర్లన్నీ వాడు విన్నాడు, ఓడిన లెక్క వినలేదు.

ఆయన డాక్టర్‌ దగ్గరికి రానంటే మీ అత్తగారికి మీరే చెప్పండి. మొదట్లో ఆవిడ మిమ్మల్నే తప్పుపట్టొచ్చు, నా కొడుకు అలాంటివాడు కాదనొచ్చు. అననివ్వండి. అప్పుల కాగితం ఆవిడ చేతిలో పెట్టి, ఇకనుంచి ఎవరు అడిగినా అప్పివ్వొద్దని చుట్టాలకి కూడా చెప్పమనండి.