ఆర్‌ఎక్స్ డ్రాప్డ్ పెరుగుతోందంటే ప్యాకెట్లు పోతున్నట్టేనా?

లినక్స్ సర్వర్ దాదాపు ఖాళీగా ఉన్నా ఆర్‌ఎక్స్ డ్రాప్డ్ (వచ్చిన ప్యాకెట్లలో పారేసినవాటిని లెక్కపెట్టే కౌంటర్) రెండేసి సెకన్లకు ఒకటి చొప్పున పెరుగుతోంది, నెట్‌వర్క్ కార్డు మార్చాలా అని అడిగారు. ఇప్పుడే కార్డు జోలికి వెళ్ళకండి. లోడు తట్టుకోలేక పోయే ప్యాకెట్లు ఇలా గడియారం కొట్టినట్టు పోవు, ట్రాఫిక్ పెరిగినప్పుడు గుంపుగా పోతాయి. స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు గుండ్రంగా తిరక్కుండా ఆపే ప్రోటోకాల్) ఉంటే దాని హలో ఫ్రేము డిఫాల్ట్‌గా 2 సెకన్లకొకటి వస్తుంది. దాన్ని అందుకునే హ్యాండ్లర్, అంటే ఆ రకం ఫ్రేములను చూసుకునే కోడ్, మీ కెర్నెల్‌లో (లినక్స్ మూల భాగంలో) లేకపోతే కెర్నెల్ దాన్ని అక్కడే పారేస్తుంది. 30 సెకన్లకొకటి పెరిగితే ఎల్‌ఎల్‌డీపీని (స్విచ్ తన వివరాలను పక్కవాళ్ళకు చెప్పుకునే ప్రోటోకాల్) అనుమానించండి.

లినక్స్ 2.6.37 నుంచి ఇలా ఎవరికీ అక్కర్లేని ప్యాకెట్లను కూడా డ్రాప్డ్‌లోనే కలిపేశారు. అందుకే కెర్నెల్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడే మానిటరింగ్ గగ్గోలు పెట్టిన సర్వర్లు చాలానే చూశాను.

తేల్చుకోవడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లను పట్టి చూపించే టూల్) నడుపుతూ కౌంటర్ చూడండి. పెరగడం ఆగిపోయిందా, అవన్నీ పట్టించుకోని ప్యాకెట్లే. టీసీపీడంప్ అన్ని ప్రోటోకాల్స్‌కూ హ్యాండ్లర్‌గా నమోదవుతుంది కాబట్టి, కెర్నెల్ దృష్టిలో ఆ ఫ్రేము ఒకరికి చేరినట్టే. ఐపీ, ఐపీవీ6, ఏఆర్‌పీ కానివి మాత్రమే చూపించమని ఫిల్టర్ పెడితే సాధారణంగా ఆ ఫ్రేములు కంటబడతాయి. వెనకాల ఎవరో టీసీపీడంప్ వదిలేసిన సర్వర్‌లో మాత్రం ఈ కౌంటర్‌ను నమ్మలేం!

బాండింగ్ (రెండు మూడు పోర్టులను కలిపి ఒకటిగా వాడటం) ఉంటే ఇంకో తిరకాసు. మా దగ్గర యాక్టివ్-బ్యాకప్ బాండ్‌లో (ఒక పోర్టు పనిచేస్తుంటే ఇంకోటి సిద్ధంగా ఉండేది) ఊరికే ఉన్న పోర్టుకే డ్రాప్స్ ఎక్కువ కనబడేవి. స్విచ్ పంపే బ్రాడ్‌కాస్ట్‌లు రెండు పోర్టులకూ వస్తాయి, బ్యాకప్ వాటిని తీసుకోదు, అంతే. 4.6 కెర్నెల్‌లో వీటికి ఆర్‌ఎక్స్ నోహ్యాండ్లర్ అని వేరే కౌంటర్ ఇచ్చారు. బ్యాకప్ కాని పోర్టులో తెలియని ప్రోటోకాల్ వస్తే మాత్రం ఇప్పటికీ డ్రాప్డ్ కిందే పడుతుంది.

నిజంగా పోయినవాటిని వేరేచోట వెతకాలి. రింగ్ బఫర్ (వచ్చిన ప్యాకెట్లను కార్డు పెట్టే జాగా) నిండి కార్డు దగ్గరే పోయినవి ఇథ్‌టూల్ (కార్డు వివరాలు చూపే కమాండ్) స్టాటిస్టిక్స్‌లో మిస్డ్, నో బఫర్ లాంటి పేర్లతో ఉంటాయి, పేరు డ్రైవర్‌ను బట్టి మారుతుంది. ప్రాక్ కింద సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్లో సీపీయూకి ఒక వరుస ఉంటుంది. అందులో రెండో అంకె బ్యాక్‌లాగ్ (సీపీయూ కోసం ఎదురుచూసే ప్యాకెట్ల వరుస) నిండి పారేసిన లెక్క. అది హెక్సాడెసిమల్, చూసి కంగారు పడకండి. యూడీపీ సాకెట్ బఫర్ చాలక పోయినవి ఎన్‌స్టాట్ కమాండ్‌లో ఆర్‌సీవీబఫ్ ఎర్రర్స్‌గా కనిపిస్తాయి.

మీది 5.17 లేదా ఆ తర్వాతి కెర్నెల్ అయితే, పెర్ఫ్ టూల్‌తో కేఫ్రీ ఎస్‌కేబీ ట్రేస్‌పాయింట్ (కెర్నెల్ ప్యాకెట్‌ను పారేసినప్పుడు నమోదయ్యే చోటు) పట్టుకోండి, చాలాచోట్ల డ్రాప్ కారణం పేరుతో సహా వస్తుంది. స్విచ్ మీ చేతిలో ఉంటే సర్వర్ పోర్టులకు ఎల్‌ఎల్‌డీపీ పంపడం ఆపించవచ్చు. స్పానింగ్ ట్రీని మాత్రం నెట్‌వర్క్ టీమ్‌ను అడక్కుండా కదపకండి.