కాల్చిన సూది వద్దు, పిడి కొన చూడండి

పాత కత్తి పిడి ఎముకదా, ఏనుగు దంతమా తేల్చడానికి సూది కాల్చి గుచ్చితే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. పాత వస్తువులకు చెదల కంటే ఆ సూదే ఎక్కువ చేటు చేసిందని నా నమ్మకం. వేడికి ఎముకా కరగదు, దంతమూ కరగదు. రెండిటికీ వెంట్రుక కాలిన వాసనే వస్తుంది. మిగిలేది నల్లమచ్చ ఒక్కటే. పిడి సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్‌దైతే భగ్గున అంటుకుంటుంది కూడా.

మా మేనమామ ఒకసారి పాత భోజనపు కత్తుల పెట్టె కొన్నారు. "అసలు దంతం, ఎంత పసుపెక్కిందో చూడండి" అన్నాడట అమ్మినాయన. మామయ్య ఆ మాటకే మురిసిపోయారు. నేను ఒక్కో కత్తినీ కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, పదింతలు చూపే భూతద్దంతో చూశాను. పిడి పక్కల మీద తెగి తెగి ఉన్న సన్నటి గోధుమరంగు గీతలు. తిప్పి కొన చూస్తే అక్కడ గీతల్లేవు, చుక్కలున్నాయి. ఇక సందేహం లేదు, ఎముకే. ఎముకలో రక్తనాళాలు నడిచే సన్నటి కాలువలుంటాయి. నిలువుగా కోస్తే గీతలుగా, అడ్డంగా కోస్తే చుక్కలుగా కనిపిస్తాయి. చేతి జిడ్డు, మురికి చేరి అవి నల్లబడతాయి. ఏనుగు దంతంలో ఈ కాలువలుండవు.

అదే పెట్టెలో ఒక్క కత్తి మాత్రం వేరుగా ఉంది. చుక్కల్లేవు. వెలుతురులో కాస్త వాల్చి చూస్తే, కొన మీద రెండు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి కోసుకునే పల్చటి వంపు గీతలు. వీటిని ష్రెగర్ గీతలంటారు. అది దంతమే. పాతది విరిగితే ఎవరో దీన్ని తెచ్చి చేర్చి ఉంటారు. మామయ్య చిన్నబుచ్చుకుంటే నాకు బాధేసింది. ఎముక పిడిని అంత నునుపుగా తీర్చిన పనివాడి చేతిని ఎవరూ మెచ్చుకోరెందుకు?

రంగును అసలు నమ్మకండి. టీ డికాక్షన్‌లో నానబెడితే ఎముకా పసుపెక్కుతుంది. సెల్యులాయిడ్‌లో దంతం చారలను కూడా అనుకరించారు. అవి మరీ తిన్నగా, సమాన దూరంలో ఉంటే అనుమానించండి.

ఇంకో బాధ చెప్పాలి. అమ్మేవాళ్లు బ్లేడు మీది ముద్రకు బోలెడు ఫొటోలు పెడతారు, పిడి కొనకు ఒక్కటీ పెట్టరు. కొన్నవాళ్లేమో వేడినీళ్లలో కడుగుతారు. దాంతో లోపల బ్లేడు కాడను పట్టి ఉంచే లక్క మెత్తబడి పిడి ఊడొస్తుంది, దంతమైతే పగుళ్లిస్తుంది.

కొనే ముందే కొన ఫొటో అడగండి, సరదాకి కాదు. ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1990 నుంచి నిషేధించింది. బ్రిటన్‌లోనైతే 2018 నాటి చట్టం 2022లో అమల్లోకి వచ్చాక, పాత దంతం వస్తువు అమ్మాలన్నా కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. ఎముక పిడి అనుకుని కొన్నది దంతమైతే, సరిహద్దు దాటేటప్పుడు చిక్కుల్లో పడేది మీరే.