కొత్త రైఫిల్ బ్యారెల్‌కు బ్రేక్-ఇన్ తప్పనిసరా?

తప్పనిసరేం కాదు. బ్రేక్-ఇన్ అంటే కొత్త బ్యారెల్‌ను (తుపాకీ గొట్టాన్ని) కాలుస్తూ, శుభ్రం చేస్తూ అలవాటు చేయడం. ఒక్కో తూటా కాల్చి శుభ్రం చేయడం, అలా ఓ పదిసార్లు, ఆ తర్వాత మూడేసి తూటాలకు ఒకసారి: చాలామంది పద్ధతి ఇదే. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందు, థ్రోట్‌లో (గొట్టం మొదలయ్యే చోట) రీమర్ (ఛాంబర్‌ను తొలిచే పనిముట్టు) వదిలిన సన్నటి గీతలు తూటా పైనున్న రాగిని గీరి లోపల అంటిస్తాయి. కాల్చే కొద్దీ అవి నునుపెక్కుతాయని నమ్మకం. చేత్తో ల్యాప్ చేసిన (లోపల రుద్ది నునుపు చేసిన) బ్యారెల్‌కు ఈ తంతు పెద్దగా అక్కర్లేదు. రాగి సాల్వెంట్‌తో (రాగిని కరిగించే ద్రవంతో) తుడిస్తే ప్యాచ్‌కు (తుడిచే గుడ్డముక్కకు) నీలిరంగు రావడం తగ్గిందా, ఇక ఆపేయండి. (ప్యాచ్‌ను పట్టుకునే రాడ్ చివరి ముక్క, అంటే జాగ్, ఇత్తడిదైతే అది కూడా నీలం తెప్పిస్తుంది, మోసపోకండి!)

నన్నడిగితే అసలు జాగ్రత్త తోమడంలోనే ఉండాలి. తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) తీసి, బోర్ గైడ్ (రాడ్‌ను గొట్టం మధ్యగా నడిపే గొట్టం) పెట్టి వెనకవైపు నుంచే రాడ్ తోయండి. ముందు నుంచి తోస్తే క్రౌన్ (గొట్టం ముందరి అంచు) దెబ్బతిని గురి చెడొచ్చు. దాచేముందు పల్చగా నూనె, కాల్చేముందు పొడి ప్యాచ్.